సైకిల్ సందేహాలు: ట్యూబ్‌లెస్ టైరు చిరిగినప్పుడు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల, ట్యూబ్‌లెస్. చిన్న కన్నాల్ని తనే మూసే సీలెంట్ ద్రవం పోశాం కదా, ఇక పంక్చర్ బెంగ లేదనుకున్నవాళ్లంతా ఇప్పుడు తెల్లటి పాలు కారుతున్న టైరు ఫొటోలు పంపుతున్నారు. ఫొటోలు పంపడం మంచిదే. కాకపోతే అందరూ బయటి వైపు నుంచే తీస్తున్నారు. నాకు కావాల్సింది టైరు లోపలి వైపు. అక్కడ రబ్బరు కింది అల్లిక దారాలు తెగాయా లేదా అన్నది తేలితే సగం జవాబు వచ్చేసినట్టే. మిగతా సగం కోసం మౌంటెన్ బైక్ టైర్ల ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను.

ప్రశ్న: అక్కా, పదునైన రాయి అంచు తగిలి నా వెనక టైరు పక్కభాగం చీలింది. దాదాపు సెంటీమీటరు పొడవుంది. సీలెంట్ అంతా అక్కడి నుంచే కారిపోయింది. టైరు కొత్తది, బొడిపెలు అరగనే లేదు. పారేయడానికి మనసు ఒప్పడం లేదు. అతికించొచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, బొడిపెలు అరిగాయా లేదా అన్నది పక్కన పెట్టు. టైరుని రిమ్ము నుంచి తీసి లోపలి వైపు శుభ్రంగా తుడువు. చీలిక వెనక బొటనవేలు పెట్టి మెల్లగా బయటికి తోస్తూ పట్టి చూడు. అంచుల వెంట సన్నని నూలుపోగుల్లాంటివి కుచ్చులా పైకి లేచి కనిపిస్తే దారాలు తెగాయని అర్థం. రబ్బరు మాత్రమే విచ్చుకుని, అడుగున అల్లిక చెక్కుచెదరకుండా గళ్లుగళ్లుగా కనిపిస్తే నువ్వు అదృష్టవంతుడివి. అది గాటు కాదు, గీత. లోపల చిన్న ప్యాచ్ వేసి సంవత్సరాలు తొక్కుకోవచ్చు.

నీ సీలెంట్ కారిపోయిందంటున్నావు కాబట్టి దారాలు తెగే ఉంటాయి. దారాల గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం చెబుతాను. టైరులో రబ్బరు పని నేలని పట్టుకోవడం, గాలి బయటికి పోకుండా ఆపడం. గాలి ఒత్తిడిని మోసేది మాత్రం లోపలి నైలాన్ దారాలే. 2.4 అంగుళాల టైరులో 25 పీఎస్ఐ గాలి ఉంటే, పక్కభాగంలో ప్రతి సెంటీమీటరు వెడల్పు అల్లిక మీదా సుమారు 5 కిలోల లాగుడు ఉంటుంది. అది నిలబడి ఉన్న చక్రం లెక్క. గెంతు దిగినప్పుడు, రాయెక్కినప్పుడు ఇంకా పెరుగుతుంది. నీ సెంటీమీటరు చీలిక పెదవుల్ని ఆ 5 కిలోలూ రాత్రీ పగలూ విడదీస్తూనే ఉంటాయి. నిండా కుక్కిన గోనెసంచికి ఒకచోట పోగులు తెగితే కన్నం అక్కడితో ఆగదు కదా, ఇదీ అంతే. దాని మీద ఒట్టి రబ్బరు ప్యాచ్ వేస్తే గాలి ఆగుతుంది, చీలిక ఆగదు. నాలుగు రైడ్ల తర్వాత అక్కడ బుడిపెలా ఉబ్బుతుంది.

ఇక నేను పాటించే కొలత. ఇది నా బల్ల మీది లెక్క. టైరు కంపెనీని అడిగితే పక్కభాగం తెగిన ఏ టైరైనా మార్చేయమనే అంటుంది, వాళ్ల బాధ్యత వాళ్లది. చీలిక 5, 6 మిల్లీమీటర్ల లోపు ఉంటే లోపల గుడ్డ పొర ఉన్న ప్యాచ్ చాలు. అక్కడి నుంచి 12 మిల్లీమీటర్ల దాకా అయితే ముందు కుట్టు, ఆపైన ప్యాచ్. అది దాటితే టైరు వదులుకోవాల్సిందే. రిమ్ములో కూర్చునే అంచు ఉంది చూడు, బీడ్ అంటాం. చీలిక దానికి సెంటీమీటరు దూరంలోపు ఉంటే పొడవు కొలవను కూడా కొలవను, తీసి పక్కన పెట్టేస్తాను. బీడ్ లోపలి తీగ తెగి ఉంటే మాట్లాడుకోవడానికే ఏమీ లేదు.

నీది సెంటీమీటరు కాబట్టి కుట్టొచ్చు. వంకర సూది దొరికితే తీసుకో, సోఫాలు కుట్టేవాళ్లు వాడేలాంటిది. మామూలు నూలుదారం వద్దు, తడికి కుళ్లిపోతుంది. మందం నైలాన్ దారం గానీ, పళ్ల సందులు శుభ్రం చేసుకునే మైనం పూసిన దారం గానీ బాగుంటుంది. చీలిక అంచుకి 3, 4 మిల్లీమీటర్లు వదిలి సూది దింపు. మరీ అంచున కుడితే దారం అల్లికని కోసుకుంటూ వచ్చేస్తుంది. కుట్టుకీ కుట్టుకీ మధ్య మూడు మిల్లీమీటర్లు చాలు. ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది: బలం కోసమని గట్టిగా లాగి బిగిస్తారు. అప్పుడు రెండు పెదవులూ ఒకదాని మీదొకటి ఎక్కి మడతపడతాయి, ఆ మడత లోపల ప్యాచ్‌ని ఎత్తేస్తుంది. రెండు అంచులూ ఒకదానికొకటి తాకితే చాలు, అక్కడ ఆపెయ్. ముడి లోపలి వైపే వెయ్యి, బయట వేస్తే మొదటి రాయికే అరిగి ఊడుతుంది. తర్వాత లోపల గుడ్డ పొర ఉన్న ప్యాచ్, కుట్టు చివరల్ని దాటి అన్ని వైపులా కనీసం సెంటీమీటరున్నర వచ్చేంత పెద్దది. ప్యాచ్ వేసే పద్ధతి కింద ఇంకొకరికి చెప్పాను, అదే చదువుకో.

అంతా అయ్యాక నువ్వు తొక్కే ఒత్తిడి కన్నా రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ కొట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున చక్రం తిప్పుతూ ఆ చోటు మీద చెయ్యి ఆనించి పెట్టు. కంటికి కనిపించని ఉబ్బు అరచేతికి తెలుస్తుంది. ఉబ్బితే ఆశ వదులుకో. లేకపోతే వెనక చక్రానికే ఉంచు, ఇప్పుడు అక్కడే ఉంది కదా.

ప్రశ్న: మేడం, ప్లగ్ కిట్ కొన్నాను. ముల్లు దిగిన కన్నంలో ప్లగ్, అంటే ఆ జిగురు పోగు, పెడితే ఆ రోజుకి ఆగుతుంది, తర్వాతి రైడ్‌లో ఊడిపోయి గాలి తుస్సుమంటుంది. ఇలా చాలాసార్లు అయింది. కిట్ నాసిరకమా?
– విసిగిపోయిన రైడర్

జవాబు: కిట్‌ని తిట్టే ముందు ఒక పని చేయండి. వాల్వ్ లోపలి పిన్ను విప్పి, సన్నని ప్లాస్టిక్ పుల్ల ఒకటి లోపలికి దించి బయటికి తీయండి, వాల్వ్ కింది వైపు ఉండేలా చక్రం తిప్పి. పుల్ల తడిగా, తెల్లగా వచ్చిందా? పొడిగా వస్తే మీ జవాబు దొరికినట్టే.

కారు టైరులో ప్లగ్‌ని పట్టుకుని ఉంచేది టైరు మందమే. మన టైరులో బొడిపెల మధ్య ఆ మందం ఎంతుంటుంది? రెండు, మూడు మిల్లీమీటర్లు. అంత పల్చని గోడ ఒక జిగురు పోగుని ఎంతసేపు పట్టుకోగలదు? పోగు చుట్టూ చేరి గట్టిపడే సీలెంటే దాన్ని నిజంగా కూర్చోబెడుతుంది. సీలెంట్ ఎండిపోయిన టైరులో ప్లగ్ అంటే ఊడటానికి ముహూర్తం పెట్టుకున్నట్టే.

సీలెంట్ ఉన్నా ఊడుతోందంటే పెట్టే పద్ధతి చూడాలి. ముల్లు కనిపించగానే పీకేయకండి. పోగుని సూది కంట్లో ఎక్కించి, సాధనం చేతిలో సిద్ధంగా పెట్టుకుని, అప్పుడు పీకండి. టైరులో ఇంకా గాలి ఉండగానే ప్లగ్ దూర్చడం తేలిక. పూర్తిగా అణిగిపోయిన టైరు మీ చేతి కింద లోపలికి వంగిపోతుంది, ఆ వంగుడులో సూది మొన వెళ్లి, గాలి పోకుండా రిమ్ము లోపల చుట్టే రిమ్ టేపుకి గుచ్చుకోవచ్చు. అప్పుడు ఒక కన్నం మూయబోయి ఇంకొకటి తెచ్చుకున్నట్టు. పోగుని మొత్తం లోపలికి తోసేయకూడదు. రెండు కొసలూ బయట సెంటీమీటరు పైనే ఉండాలి. ఆపైన సాధనాన్ని మెలిపెట్టకుండా, వచ్చిన దారినే చటుక్కున లాగేయండి. మెల్లగా లాగితే పోగు కూడా దానితోపాటే వస్తుంది. కన్నం కిందికి వచ్చేలా చక్రం తిప్పి ఒక నిమిషం ఆగండి, సీలెంట్ అక్కడికి చేరుతుంది. గాలి కొట్టుకుని బయలుదేరండి.

ఇంటికొచ్చాక బయటి కొసల్ని రెండు మూడు మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించండి. పొడుగ్గా వదిలేస్తే నేల వాటిని పట్టి లాగుతూనే ఉంటుంది. మీ ప్లగ్‌లు రెండో రైడ్‌లోనే ఊడుతున్నాయంటే ఇదీ ఒక కారణం కావచ్చు.

కారు కిట్‌లో గరుకు ముళ్లున్న ఇంకో సాధనం వస్తుంది, కన్నాన్ని రాకి పెద్దది చేసేది. దయచేసి దాన్ని సైకిల్ టైరులో తిప్పకండి. తెగని దారాల్ని మీ చేత్తో మీరే తెంపుతారు. కారు పోగులు కూడా 5, 6 మిల్లీమీటర్ల లావు ఉంటాయి, మనకి చాలా ఎక్కువ. సైకిల్ కిట్‌లో సాధారణంగా ఒకటిన్నర, మూడున్నర మిల్లీమీటర్ల పోగులు వస్తాయి. చిన్న ముల్లుకి సన్నది, చీలికకి లావుది. అదీ చాలకపోతే పక్కపక్కన రెండు. కిట్ డబ్బాలో ఏళ్ల తరబడి పడున్న పోగులు గట్టిపడి జిగురు పోతాయి. వేళ్ల మధ్య నలిపితే అంటుకోని పోగు టైరుకీ అంటదు.

నేలని తాకే భాగం, అంటే ట్రెడ్, మధ్యలో బాగా కూర్చున్న ప్లగ్‌ని తీసి ప్యాచ్ వేయాలా అని చాలామంది అడుగుతారు. గాలి దిగకపోతే దాని జోలికి వెళ్లకండి.

ప్రశ్న: అమ్మా, నేను ట్యూబులకి ప్యాచీలు వేసుకుంటూ పెరిగినవాడిని. ట్యూబ్‌లెస్ టైరు లోపల అదే పద్ధతిలో ప్యాచ్ వేస్తే రెండు రోజుల్లో అంచులు లేచిపోతున్నాయి. ఎక్కడ తేడా?
– పదవీ విరమణ చేసిన పాఠకుడు

జవాబు: అయ్యా, మీ చెయ్యి మంచిదే, తేడా టైరులో ఉంది. ట్యూబు కొత్త రబ్బరు, పొడిగా ఉంటుంది. ఈ టైరు లోపల సీలెంట్ పొర ఒకటి అంటుకుని ఉంటుంది. కంటికి శుభ్రంగా కనిపించినా ఉంటుంది. మీరు ప్యాచ్‌ని రబ్బరుకి కాదు, ఎండిన సీలెంట్ పొరకి అంటిస్తున్నారు. ఆ పొర లేస్తే మీ ప్యాచ్ కూడా లేస్తుంది.

అందుకే మొదటి పని ప్యాచ్ కాదు, గీకడం. మిగిలిన సీలెంట్ వంపేసి, నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక బొటనవేలితో గట్టిగా రుద్దితే పొర చుట్టలు చుట్టుకుని ఊడొస్తుంది. కన్నం చుట్టూ ప్యాచ్ కన్నా వేలెడు ఎక్కువ వెడల్పున ఇలా చేయాలి. ఓపిక పరీక్షించే పని, రేడియో పెట్టుకుని కూర్చోండి. అయ్యాక గరుకు కాగితం. నిగనిగలాడే నలుపు పోయి మట్టి రంగు నలుపు వచ్చేదాకా రుద్దండి, అంతే. మౌంటెన్ బైక్ టైరు లోపల దారాల మీద రబ్బరు పూత చాలా పల్చన, ఇంకో పది రుద్దులు రుద్దితే దారాలే బయటపడతాయి. ట్యూబ్‌ని గీకే చేత్తో ఇక్కడ గీకకూడదు.

తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. కిరోసిన్ వద్దు, జిడ్డు వదులుతుంది, జిడ్డు మీద సొల్యూషన్ పట్టదు. సొల్యూషన్ పల్చగా, ప్యాచ్ కన్నా వెడల్పుగా పూసి ఐదు నుంచి పది నిమిషాలు ఆగండి. వేలి వెనక భాగంతో తాకితే తీగ సాగకూడదు. తడిగా ఉండగానే అంటిస్తే లోపల చిక్కుకున్న ఆవిరి తర్వాత బుడగలు లేపుతుంది. ఇది మీకు తెలిసిందే, అయినా తొందరలో చాలామంది తప్పేది ఇక్కడే.

ఇక టైరు ఆకారం సంగతి. కన్నం బాగా అందాలని టైరుని లోపలిది బయటికి తిరగేస్తారు చాలామంది. తిరగేసినప్పుడు ఆ చోటు సాగి ఉంటుంది. అలా సాగిన దాని మీద ప్యాచ్ వేసి మళ్లీ సర్దితే ప్యాచ్ ముడతలు పడి అంచులు లేస్తాయి. టైరుని దాని సహజమైన వంపులోనే ఉంచి, అడుగున గుడ్డ చుట్ట ఏదైనా పెట్టుకుని, ప్యాచ్‌ని మధ్య నుంచి అంచులకి నొక్కుతూ రండి. చెంచా వెనక వైపుతో గట్టిగా రుద్దితే బాగా కూర్చుంటుంది.

చిన్న ముల్లు కన్నమైతే, దారాలు తెగకుండా పక్కకి జరిగి ఉంటాయి కాబట్టి మీ మామూలు ట్యూబు ప్యాచీయే చాలు. దాని పని గాలి ఆపడమే. గాటు అయితే మాత్రం సాగే ప్యాచ్ పనికిరాదు, గుడ్డ పొర ఉన్నదే కావాలి.

వేసిన వెంటనే సీలెంట్ పోయకండి. ఒక రాత్రి ఆగి, మర్నాడు పోయండి. సొల్యూషన్ పూర్తిగా పట్టుకోకముందే సీలెంట్‌లోని నీరు అంచుల కిందికి పాకితే మీ కష్టమంతా పోతుంది.

ప్రశ్న: ఎక్కడా కన్నం కనిపించదు. కానీ రాత్రి నిండుగా ఉన్న టైరు పొద్దునకి మెత్తబడిపోతోంది. టైరు మార్చాలా?

జవాబు: వద్దు. ముందు సబ్బునీళ్లు. గాలి బాగా కొట్టి, నురగ వచ్చే సబ్బునీళ్లు బ్రష్‌తో పూస్తూ ఈ వరుసలో చూడండి: వాల్వ్ కొస, వాల్వ్ మొదలు, స్పోక్స్ రిమ్ములోకి దిగే చోట్లు, రిమ్ము అంచు, చివరగా టైరు. మీరు టైరుతో మొదలుపెట్టి ఉంటారు, అందుకే దొరకలేదు.

వాల్వ్ కొసన బుడగలు వస్తే పిన్ను బిగించండి, లేదా మార్చండి. స్పోకు మొదట్లో బుడగలు వస్తే టైరుకి జబ్బేమీ లేదు, లోపల రిమ్ టేపు చిరిగిందనో లేచిందనో అర్థం. ఇక్కడో మాయ ఉంది. గాలి బయటపడే స్పోకు దగ్గరే టేపు పాడై ఉండాలని లేదు. రిమ్ము లోపల గుల్లగా ఉంటుంది కాబట్టి, ఒకచోట దూరిన గాలి అందులో తిరిగి ఇంకోచోట బయటికి వస్తుంది. ఆ ఒక్క చోట అతుకు వేసి ఊరుకోకుండా టేపు మొత్తం తీసి కొత్తది చుట్టండి. రిమ్ము లోపలి వెడల్పు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు వెడల్పైనది, గట్టిగా లాగి పట్టుకుంటూ. చుట్టే ముందు రిమ్ముని ఆల్కహాల్‌తో తుడవడం మర్చిపోవద్దు. టేపు ఎక్కువగా చిరిగేది టైరు లీవర్ వల్లే, దాన్ని లోతుగా దించకండి.

టైరు పక్కభాగమంతా సన్నని నురగలా వస్తే, కొత్త టైరైతే కంగారు వద్దు. సీలెంట్ పోసి, చక్రాన్ని ఒక్కో పక్క మీద కాసేపు పడుకోబెట్టి, రెండు మూడు రైడ్లు తొక్కండి, మూసుకుంటుంది. పాత టైరైతే పక్కగోడ పల్చబడిందని.

ప్రశ్న: దిగుడులో టైరు రాయికి గట్టిగా కొట్టుకుంది, రిమ్ము ఠంగుమని మోగింది. ట్రెడ్‌లో కన్నానికి ప్లగ్ పెట్టినా సీలెంట్ ఇంకెక్కడి నుంచో కారుతోంది.

జవాబు: ఒక దెబ్బకి రెండు కన్నాలు పడ్డాయి. రాయికీ రిమ్ము అంచుకీ మధ్య టైరు నలిగినప్పుడు పైన ఒకటి, కింద బీడ్ దగ్గర ఒకటి తెగుతుంది. రెండోది రిమ్ము అంచు వెనక దాక్కుంటుంది. పైదానికి ప్లగ్ ఆగుతుంది. బీడ్ దగ్గరి దానికి ఆగదు, ఆగినా నమ్మలేం. పైన విద్యార్థికి చెప్పిందే మీకూ చెబుతాను, టైరు మార్చాల్సిందే.

టైరు కన్నా ముందు రిమ్ము చూడండి. అల్యూమినియం అయితే సొట్ట కొద్దిగానే ఉంటే సరిచేయించుకోవచ్చు. కార్బన్ అయితే గోటితో గీరుతూ చుట్టూ వెళ్లండి. పగులు తగిలిందా, ఆ చక్రం మీద కూర్చోవద్దు. ఈసారి వెనక చక్రంలో రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ ఉంచండి. తక్కువ గాలి పట్టు బాగుంటుందని అందరూ చెప్పే మాట నిజమే, కాకపోతే ఆ మాట చెప్పేవాళ్ల బరువు, మీ బరువు ఒకటి కావు.

ప్రశ్న: సీలెంట్ ఎంత పోయాలి? ఎప్పుడు మార్చాలి? ఎండిపోయిన ముద్దలు తీయాలా?

జవాబు: 29 అంగుళాల చక్రం, 2.3 లేదా 2.4 టైరుకి 90 నుంచి 120 మిల్లీలీటర్లు. రెండు నుంచి ఆరు నెలల్లో ఎండుతుంది, ఎండాకాలం త్వరగా. క్యాలెండర్ కన్నా పైన చెప్పిన పుల్ల పరీక్ష నమ్మదగింది. ముద్దలు పెద్దవైతే తీసేయండి, పల్చని పొర అయితే వదిలేయండి. పోసే ముందు సీసాని గట్టిగా కుదపండి. కన్నం మూసే రేణువులు అడుగున పేరుకుని ఉంటాయి, కుదపకుండా పోస్తే మీరు పోసింది పైతేట మాత్రమే. రబ్బరు పాల అలర్జీ ఉన్నవాళ్లు చేతి తొడుగులు వేసుకోవాలి.

ఇంకో మాట, కార్బన్ డయాక్సైడ్ గొట్టాలతో గాలి నింపేవాళ్లకి. ఆ చల్లదనానికి కొన్ని సీలెంట్లు గడ్డకడతాయి. నింపేటప్పుడు వాల్వ్ పై వైపు ఉండాలి. పైగా ఆ వాయువు రబ్బరు గుండా మామూలు గాలి కన్నా వేగంగా బయటపడుతుంది. ఇంటికి రాగానే వదిలేసి మామూలు గాలి కొట్టుకోండి.

ప్రశ్న: మా అన్నయ్య అటక మీద పాత యూఎస్‌టీ టైరు ఉంది. దాన్ని సీలెంట్ లేకుండా వాడొచ్చంటాడు. నిజమేనా?

జవాబు: మీ అన్నయ్య చెప్పింది నిజం. యూఎస్‌టీ అంటే మావిక్ కంపెనీ 1999లో హచిన్సన్, మిషెలిన్‌లతో కలిసి తెచ్చిన ట్యూబ్‌లెస్ పద్ధతి. ఆ టైర్ల లోపల గాలి చొరని బ్యూటైల్ రబ్బరు పొర ఉంటుంది, సీలెంట్ లేకున్నా నిలుస్తుంది. బరువు ఎక్కువ. ఇప్పటి ట్యూబ్‌లెస్ రెడీ టైర్లు ఆ పొర తీసేసి తేలికైపోయాయి, ఆ పని సీలెంట్‌కి అప్పగించాయి. పాత టైరుకి ప్యాచ్ వేయడం హాయి, లోపల నున్నగా, మందంగా ఉంటుంది. కానీ అంతకాలం అటక మీద ఉంది కదా, పక్కభాగాన్ని మడిచి చూడండి. సన్నని పగుళ్లు విచ్చుకుంటే ఎంత మంచి పద్ధతైనా పనికిరాదు.

ప్రశ్న: కొండ దారిలో ప్లగ్‌కి ఆగనంత చీలిక పడితే ఇంటికి చేరడం ఎలా? ట్యూబు తీసుకెళ్తున్నాను, అది చాలా?
– తోడు లేకుండా తొక్కే పాఠకురాలు

జవాబు: ట్యూబు ఒక్కటే చాలదు. చీలిక గుండా ట్యూబు నాలుకలా బయటికి వచ్చి పగిలిపోతుంది. దాని వెనక అడ్డు కావాలి. పాత రోడ్డు సైకిల్ టైరు పక్కభాగం నుంచి ఐదు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది పొడవు ముక్క కోసి, అంచులు ఏటవాలుగా చెక్కి సంచిలో పడేసుకోండి. బరువుండదు, పాడవదు. అది లేనినాడు టూత్‌పేస్ట్ ట్యూబు ముక్క, చివరికి మడిచిన నోటు కూడా ఇల్లు చేరుస్తాయి.

ట్యూబు పెట్టే ముందు ఇది తప్పక చేయండి. టైరు లోపల చుట్టూ మెల్లగా చెయ్యి పోనివ్వండి, గుడ్డ చుట్టుకుని. సీలెంట్ ఇన్నాళ్లూ మీకు తెలియకుండా మూసిన ముళ్లు లోపల మొనలు తేలి ఉంటాయి. ఒక్కటి మిగిలినా కొత్త ట్యూబు వంద గజాలు పోదు. గట్టిగా ఉన్న మొనల్ని బయటి నుంచే పీకేయండి. ఇత్తడి మొన ఉన్న ప్లగ్‌లు ఇదివరకు పెట్టి ఉంటే వాటినీ తీసేయాలి, ట్యూబుని గుచ్చుతాయి. ట్యూబ్‌లెస్ వాల్వ్ విప్పి జేబులో వేసుకోండి, పొలంలో పడిందంటే దొరకదు. దాని నట్టుని చేత్తో మాత్రమే బిగించే అలవాటు ముందే చేసుకోండి, పట్టకారుతో బిగించిన నట్టు దారిలో మీ వేళ్లకి ఊడదు.

ట్యూబులో సగం గాలి కొట్టి ఆగి చీలిక చూడండి. ఉబ్బకపోతే మిగతాది కొట్టండి. ఆపైన మెల్లగా, గెంతులు లేకుండా.

ప్రశ్న: మా అబ్బాయి కుట్టిన టైరు వేసుకుని కొండలు దిగుతున్నాడు. నాకు ఒకటే టెన్షన్. వద్దని చెప్పనా?
– ఒక తల్లి

జవాబు: ఏ చక్రానికి వేశాడో అడగండి. వెనక టైరు దారిలో ఊడితే బండి జారుతుంది, చాలావరకు ఆపుకోవచ్చు. ముందు టైరు ఊడితే హ్యాండిల్ మన మాట వినదు. కుట్టిన టైరు ముందు చక్రానికి ఉంటే ఈ రోజే వెనక్కి మార్పించండి, ఇందులో మొహమాటం వద్దు. వెనకే ఉంటే, ప్రతి రైడ్‌కి ముందు ఆ చోట చెయ్యి ఆనించి చూసే పని అతనికి అప్పగించండి.

ప్రశ్న: ప్యాచ్ వేసి మళ్లీ ఎక్కిస్తే టైరు రిమ్ములో కూర్చోవడం లేదు. పంపు కొట్టి కొట్టి చేతులు పడిపోతున్నాయి.

జవాబు: వాల్వ్ పిన్ను తీసేసి కొట్టండి, గాలి ఒక్కసారిగా దూరుతుంది. అంతకుముందే రెండు బీడ్‌లనీ మధ్య గాడిలోంచి చేత్తో అంచు వైపు లాగి, సబ్బునీళ్లు పూయండి. ట్రెడ్ చుట్టూ పట్టీ బిగించినా బీడ్‌లు పక్కలకి విచ్చుకుంటాయి. టప్పుమని రెండు చప్పుళ్లు వినిపిస్తే కూర్చున్నట్టు. టైరు మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి ఎట్టి పరిస్థితిలోనూ దాటకండి, రిమ్ము మీద అంతకన్నా తక్కువ అంకె ఉంటే అదే హద్దు. అతుకు వేసిన టైరైతే ముఖం దూరంగా పెట్టుకోండి.

కూర్చున్నాక బీడ్ పక్కన ఉండే సన్నని గీత చుట్టూ రిమ్ముకి సమాన దూరంలో ఉందో లేదో చూడండి. ఒకచోట లోపలికి దిగి ఉంటే గాలి వదిలి, మళ్లీ సబ్బునీళ్లు పూసి కొట్టండి. అప్పటికీ అదే చోట దిగుతుంటే మీ ప్యాచ్ అంచు బీడ్ కిందికి వచ్చి ఉంటుంది. టైరు తీసి ఆ మేరకు కత్తిరించండి.